మామూలు గొంతు

జల్లుపేట సబ్‌స్టేషన్‌లో నా బల్ల మీద ఒక ఫోను, ఒక రిజిస్టరు ఉండేవి. లైన్‌మన్ స్తంభం కింద నిలబడి ఫోను చేస్తాడు. తన పేరు, ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే ఫీడరు లైను పేరు, స్తంభం నంబరు, చేయబోయే పని, నాలుగూ పూర్తిగా చెప్పాలి. నేను అవే మాటలు తిరిగి అతనికి చెప్పి, బ్రేకరు తీసి, ఆ లైనులో ఇక కరెంటు లేదని ఒక కోడు నంబరు ఇస్తాను. దాన్ని లైన్ క్లియర్ అంటారు. మావాళ్ల నోట్లో అది ఎల్సీ. తీసుకున్న మనిషి పని ముగించి, స్తంభం దిగి, తన నోటితో వాపసు ఇచ్చేదాకా ఆ బ్రేకరు మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు.

ఈ నాలుగూ అయ్యాక నేను ఐదో మాట ఒకటి అడిగేదాన్ని. అన్నం తిన్నావా అని. నాకు పని నేర్పిన కామేశ్వరరావు గారు అలా అడిగేవారు. తిన్నాడో లేదో తెలుసుకోవడానికి కాదు. మిగతా నాలుగూ రోజూ చెప్పే మాటలు కనక నిద్రలో లేపినా చెప్పేస్తారు. దీనికి మాత్రం అప్పటికప్పుడు మాట వెతుక్కోవాలి. ఆ వెతుక్కునే చోట మనిషి దొరికిపోతాడు.

అలసినవాడు నంబరులో చివరి అంకెను మింగేస్తాడు. ఇంకాస్త అలసినవాడు మాటకు ముందు పెదవులు తడుపుకుంటాడు. ఆ చిన్న చప్పుడు ఫోనులో వినిపిస్తుంది. మరీ అలసినవాడు ఒక్కో మాటా విడివిడిగా, శుభ్రంగా పలుకుతాడు. తాగినవాడు తిన్నగా నడవాలని చూస్తాడే, అలాగ. ఆరేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాక నేను ఇవేవీ వేరువేరుగా వినడం మానేశాను. ఫోను ఎత్తగానే తెలిసిపోయేది.

ఒకసారి సింహాద్రికి ఎల్సీ ఇవ్వనన్నాను. సింహాద్రి మా సెక్షన్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడే లైన్‌మన్. జీడితోటల్లో స్తంభం మీది జంపరు తీగ తెగిందని మిట్టమధ్యాహ్నం స్తంభం కింద నిలబడి ఉన్నాడు. ఇంటికెళ్లి పడుకోమన్నాను. ఊళ్లోవాళ్లు తన చుట్టూ మూగి తిడుతున్నారని, పుణ్యముంటుందని బతిమాలాడు. ఇవ్వలేదు. గంట తరవాత ఆ స్తంభానికే ఆనుకుని, తాడు భుజం మీంచి దించకుండానే నిద్రపోయాడని తోటవాళ్లు చెప్పారు. మర్నాడు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మా ఆవిడికి కూడా నీలాగ ఇనపడితే నా కాపరం నిలవదు సెల్లెమ్మా," అన్నాడు.

ఆ ఆరేళ్లలో మా ఫీడర్ల మీద ఒక్క ప్రమాదమూ జరగలేదు. కాగితాల్లో ఆ సంగతి చూసి వైదేహి మేడమ్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో ఆమె పని, మనిషి గొంతులోంచి ఒంట్లోని అలసటను కొలిచే యంత్రం తయారుచేయడం. రెండు రోజులు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. మొదటి రోజు, ఎలా తెలుస్తోందని అడిగారు. చెప్పలేకపోయాను. రెండో రోజు అడగలేదు. ఫోను వచ్చినప్పుడల్లా తనూ ఒక కాగితం మీద ఏదో రాసుకోవడం, నేను ఇచ్చానో లేదో చూసి కొట్టేసుకోవడం. సాయంత్రానికి ఆ కాగితమంతా కొట్టివేతలే. బస్సు ఎక్కే ముందు, మూడు నెలలు తమ దగ్గరకు వచ్చి పనిచేయమని అడిగారు. డిపార్టుమెంటు అనుమతి కూడా తనే తెప్పించారు.

ప్రయోగశాల అంటే నేను గాజు గొట్టాలూ పొగలూ ఉంటాయనుకున్నాను. ఒక చల్లటి గది, నాలుగు కంప్యూటర్లు, చెవులకు పెట్టుకునే మెత్తటి డిప్పలు. అంతే. ఎల్సీ ఫోన్లన్నీ పదమూడేళ్లుగా రికార్డవుతూనే ఉన్నాయట. ఎవరూ తిరిగి వినలేదు. రోజుకు ఆరు గంటలు నేను వాటిని వినడం, ఎంత అలసటో ఒకటి నుంచి పది దాకా అంకె వేయడం. యంత్రం నా పక్కనే కూర్చుని నేర్చుకుంటున్నట్టుగా ఉండేది. రెండో నెలకల్లా నా అంకే, దాని అంకే కలవడం మొదలుపెట్టాయి.

మనిషి ఎంత అలిశాడో చెప్పాలంటే, అలవనప్పుడు ఎలా ఉంటాడో ముందు తెలియాలి. దాన్ని వైదేహి మేడమ్ మామూలు గొంతు అనేవారు. ఒక్కో లైన్‌మన్‌కి ముప్పై ఫోన్లు ఏరి పెడితే, యంత్రం అక్కణ్ణుంచి దూరం కొలుచుకుంటుంది. మా డివిజన్లో రెండువందల పద్నాలుగు మంది లైన్‌మన్లు. వాళ్లలో చాలామంది నాకు పరాయివాళ్లు. వాళ్లకు మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. వారం రోజులు సెలవు పెట్టి వచ్చిన మర్నాడు పొద్దున చేసిన ఫోన్లే తీసుకోవాలి. మా సెక్షన్ పంతొమ్మిది మందికీ అలాగే తీద్దామన్నారు. అక్కర్లేదు, వీళ్లు నాకు తెలుసు అన్నాను. ఆమె నవ్వి, సరే మీ ఇష్టమన్నారు.

ఆ పంతొమ్మిది మందిలో మా అన్నయ్య తవిటినాయుడు ఒకడు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అతనే. వదిన హైమావతి ఆ ఇంటికి వచ్చేసరికి నాకు పదేళ్లు. ఇప్పటికీ నేను వాళ్ల దగ్గరే ఉంటాను. అన్నయ్య ముప్పై ఫోన్లు ఏరడానికి నాకు పావుగంట పట్టింది. రోజూ పొద్దున్నే పెరట్లోంచి సబ్బెక్కడ పెట్టారని అడిగే గొంతు అది. వెతకాల్సిన పనే లేకపోయింది.

యంత్రానికి పైవాళ్లు జాగృతి అని పేరు పెట్టారు. మావాళ్లు ఆ పేరు ఒక్క రోజు కూడా పలకలేదు. నేను నేర్పాను కనక దమయంతి చెవి అని, పోనుపోను ఉత్త చెవి అని అనడం మొదలుపెట్టారు.

మొదట్లో అది మంచే చేసింది. ఎక్కడ లైను తెగిందని కబురు వచ్చినా, ఎవరు దగ్గరలో ఉన్నారు, ఏ దారి బాగుంది, ఏయే సామాను పట్టుకెళ్లాలి, అన్నీ అదే చూసి మనిషి ఫోనుకు పంపేది. ఇదివరకు స్తంభం ఎక్కాక ఇన్సులేటరు లేదని దిగి, పది మైళ్లు వెనక్కి వచ్చిన రోజులు ఎన్నో. అవి పోయాయి. ఎల్సీకి ఫోను చేయగానే చెవి అతని మాట విని, మిగులు అని ఒక అంకె నా తెర మీదా అతని ఫోనులోనూ వేసేది. నూటికి ఎంత ఓపిక మిగిలి ఉందో ఆ అంకె. ఇరవైకి తగ్గితే ఆ రోజుకు స్తంభం ఎక్కకూడదు. ఇంటికి పంపేస్తుంది. సింహాద్రికి వారంలో రెండు మధ్యాహ్నాలు ఇల్లు దొరికింది. పట్టపగలు ఇంట్లో పడుకుంటే ఉద్యోగం ఊడిందేమోనని అతని భార్య నన్ను అడగడానికి వచ్చింది.

నాలుగు నెలలకు కాబోలు, పైనుంచి ఒక మార్పు వచ్చింది. మిగులు ఎక్కువ ఉన్న మనిషికే పని ముందు వెళ్లాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పొద్దున ఎనభై ఉన్నవాడిని సాయంత్రానికి ఇరవై ఒకటికి తేవడమే పనిలా తయారైంది. ఇరవై దగ్గర ఆగమని మేం పెట్టిన గీత, ఇరవై దాకా వాడుకోమనే గీత అయింది. మావాళ్లు ఇళ్లకు ఇరవై రెండుతో, ఇరవై ఒకటితో వెళ్లేవారు. ఆ మిగిలిన ఒకటీ రెండుతో పిల్లల్తో ఏం మాట్లాడతారు? వైదేహి మేడమ్ దీని గురించి పైవాళ్లకు మూడు ఉత్తరాలు రాశానన్నారు. మూడింటికీ అందినట్టు మాత్రం జవాబు వచ్చిందట.

అన్నయ్య మిగులు ఎప్పుడూ యాభైకి తగ్గేది కాదు.

అందుకని దూరపు పనులన్నీ అతనికే వచ్చేవి. కొండవార ఊళ్లు, ఉప్పుమళ్ల మీది లైన్లు, పక్క సెక్షన్లో మనిషి తక్కువైతే అక్కడికీ అతనే. అతనికి అది గొప్పగా ఉండేది. నలభై ఆరేళ్లు వచ్చినా కుర్రాళ్ల కన్నా తనకే ఎక్కువ మిగులుతోందని ఫోను తీసి చూపించేవాడు. మా సెక్షన్ ఇంజనీరు ఏఈ గారు మీటింగులో అతన్ని నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ మాట చెబుదామని మొదలుపెట్టి, సగంలో నిద్రపోయాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వదిన ఆ ముద్దను కంచంలోకి విడిపించి, తడిగుడ్డతో వేళ్లు తుడిచింది. ఆమె అలా తుడవడం నేను అప్పటికి చాలాసార్లు చూసి ఉంటాను. ఎన్నిసార్లో అని ఎప్పుడూ అనుకోలేదు.

"అందరూ అలుస్తున్నారంట. నీ సెవికి మీ అన్న ఒక్కడే అలవడేటి?" అంది వదిన, కంచం తీసుకుని లోపలికి వెళుతూ.

అన్నయ్య శరీరమే అంత అన్నాను. నేను నమ్మే అన్నాను. సింహాద్రి కూడా అదే మాట మరోలా అడిగేవాడు. ఆరేళ్లలో తనకు పదిసార్లు ఎల్సీ లేదన్నదాన్ని, సొంత అన్నకు ఒక్కసారైనా లేదన్నానా అని. అన్నయ్య గొంతు ఎప్పుడూ అలా ఉండలేదు మరి, ఎందుకంటాను అనేదాన్ని.

కార్తీకంలో ఒక సోమవారం ఉదయం అన్నయ్య ఉప్పుమళ్ల దగ్గర్నుంచి ఫోను చేశాడు. అక్కడ రెండు లైన్లు పక్కపక్కనే వెళతాయి. ఒకటి జల్లుపేట ఊళ్లకు, రెండోది రొయ్యల చెరువులకు. జల్లుపేట ఫీడరు, స్తంభం నూట పద్దెనిమిది అని స్పష్టంగా చెప్పాడు. మిగులు యాభై ఏడు. ఆ ఫీడరు ఆపి ఎల్సీ ఇచ్చాను. మరో పది నిమిషాలకు సింహాద్రి నుంచి ఫోను వచ్చింది. ఆ రోజు అతను అన్నయ్యకు తోడు వెళ్లాడు. ఎప్పుడూ మాటలతో ఊదరగొట్టే మనిషి, పలకరింపు కూడా లేకుండా విషయంలోకి దిగాడు.

"మీ అన్న నూట పద్దెనిమిది అని సదివి, పక్కదెక్కినాడమ్మీ. రొయ్యల లైనుది. నాను బెల్టు పట్టుకుని లాగీసినాను. ఎందుకు లాగినావని నన్నే అడుగుతున్నాడు."

రొయ్యల లైనులో కరెంటు ఉంది. ఇంకో రెండు బారలు ఎక్కి ఉంటే అన్నయ్య లేడు.

ఆ సాయంత్రం అన్నయ్య దాన్ని తేలిగ్గా తీసేశాడు. ఎండ కళ్లల్లో కొట్టిందన్నాడు. వదిన పొయ్యి దగ్గర కూర్చుని, ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ ఉండిపోయింది. నేను మర్నాడు సెలవు పెట్టి విశాఖపట్నం బస్సు ఎక్కాను.

వైదేహి మేడమ్ అన్నయ్య గీతను తెర మీద వేశారు. రెండువందల పద్నాలుగు మందిలో రెండువందల మంది గీతలు పొద్దున లేచి సాయంత్రానికి పడిపోతున్నాయి. అన్నయ్యది దాదాపు చదునుగా ఉంది. యంత్రంలో తప్పేమీ కనిపించలేదని ఆమె అన్నారు. తరవాత నన్ను డిప్పలు పెట్టుకోమన్నారు. పేర్లు లేకుండా పది పాత ఫోన్లు వినిపిస్తాను, ఎవరిదో చెప్పమన్నారు.

తొమ్మిది చెప్పేశాను. పదోది ఎవరో తెలియలేదు. ఎవరో కుర్రవాడు. నంబరు చెబుతుంటే చివర గొంతు కాస్త పైకి లేస్తోంది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కినట్టు. అవతల కామేశ్వరరావు గారు అన్నం తిన్నావా అని అడిగారు. అతను నవ్వాడు. "తిన్నాను బాబూ, మా సెల్లి వొండింది. కూరలో ఉప్పు రెండుసార్లు ఏసీసింది. మీకూ పంపమంతారేటి?"

మా సెక్షన్ మనిషి కాదన్నాను. గొంతు బాగుంది, ఎక్కడా అలసట లేదు, దీనికి ఒకటి వేయొచ్చన్నాను.

మేడమ్ తెర నా వైపు తిప్పారు. కె. తవిటినాయుడు. పన్నెండేళ్ల కిందటి జూన్ నెల.

ఆ నెల వదిన పుట్టింటికి వెళ్లింది. నాకు పదహారేళ్లు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది నేనే. అన్నయ్య ఆ రోజు అన్నమంతా తిని, బాగుందని చెప్పి వెళ్లాడు.

ఆ తరవాత మేడమ్ ఏడాదికి ఒకటి చొప్పున వరసగా వినిపించారు. పదేళ్ల కిందట పెద్ద తుఫాను వచ్చింది. నలభై రోజులు మా జిల్లా స్తంభాలన్నీ నేలమీదే. ఆ నలభై రోజులూ అన్నయ్య ఇంటికి రాలేదు. ఆ తరవాత మా సెక్షన్లో ఇద్దరు రిటైరయ్యారు, వాళ్ల చోట ఎవరూ రాలేదు. ఆ పని కూడా ఉన్నవాళ్ల మీదే పడింది. అన్నయ్య వారం రోజుల సెలవు ఒక్కటీ పెట్టలేదు. గొంతు చివర లేచే ఆ చిన్న రాగం తుఫాను ఏడాదిలో పోయింది. మరుసటేడు నవ్వు పోయింది. నేను సబ్‌స్టేషన్ బల్ల దగ్గర చేరేనాటికి ఒక్కో మాటా విడివిడిగా, శుభ్రంగా పలికే మనిషి మిగిలాడు. రోజూ అదే ఇంట్లో, అదే గొంతు వింటూ పెరిగాను కనక నాకు ఏ రోజూ తేడా తెలియలేదు. నేను మామూలు అని ఏరి పెట్టిన ముప్పై ఫోన్లూ అలసిపోయిన మనిషివి.

మిగతా పద్దెనిమిది మందివీ వినిపించమన్నాను. మధ్యాహ్నం దాకా విన్నాం. అందరూ అన్నయ్యలాగే ఏడాదికేడాది అలుస్తూ వచ్చారు, కొందరు కాస్త తక్కువ, కొందరు కాస్త ఎక్కువ. అన్నయ్యంత దూరం ఎవరూ పోలేదు.

"పరాయివాళ్లందరినీ సరిగ్గా విన్నారు దమయంతి గారూ," అన్నారు మేడమ్. "నేను ఆ రోజు మీ మాటకు సరే అనకుండా ఉండాల్సింది." ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఆమె కూడా సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

సరిచేయడం కష్టం కాదన్నారు. పాత గొంతుల్ని మామూలుగా పెట్టి తిరిగి కొలిస్తే చాలు, పది నిమిషాల పని. కానీ పనిలో ఉన్న యంత్రాన్ని ముట్టుకోవాలంటే, ఏరినవాళ్లే తాము ఏరింది తప్పని రాసి సంతకం పెట్టాలి. పెడితే పంతొమ్మిది మందివీ ఒకేసారి మారతాయి. విచారణ అయ్యేదాకా నేను ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. ఇంకొకటి కూడా ఉంది. కొత్త కొలతలో అన్నయ్య మిగులు ఇరవైకి చాలా కిందకి పోతుంది. ఇన్నేళ్ల అలసట రెండు మూడు వారాల్లో తీరుతుందని ఆమె చెప్పలేనన్నారు. రెండు నెలలు వరసగా ఇరవై కింద ఉన్న మనిషిని స్తంభాల పని నుంచి తప్పించి సామాను స్టోరులో వేయాలని జాగృతి నిబంధన. ఆ నిబంధన రాసేటప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

కాగితం సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చాను.

మూడు రోజులు అది సంచిలోనే ఉంది. రెండో రోజు పొద్దున అన్నయ్య పెరట్లో బెల్టుకు నూనె రాసుకుంటుంటే దగ్గరికి వెళ్లి, కొన్నాళ్లు స్టోరులో చేస్తే ఎలా ఉంటుందని అడిగాను. కోపం రాలేదు. నేనేదో చిన్నపిల్ల మాట మాట్లాడినట్టు చూశాడు. ఏ ఊరు వెళ్లినా తన ముఖం చూడగానే కరెంటు వస్తుందని జనం లేచి నిలబడతారని, అది తప్ప తనకు ఇంకేం తెలుసని అడిగాడు. మోకాలి నొప్పులని స్టోరుకు వెళ్లిపోయిన అప్పన్న సంగతి చెప్పాడు. అప్పన్న ఇప్పుడు గాలివాన వస్తే తలుపులు వేసుకుని కూర్చుంటాడట, ఆ చప్పుడు వినలేక.

"నేల మీద తిరిగితే లైన్‌మనేటే? ఆ రోజు నన్ను మోసుకెళ్లిపోండి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి వింది. నా సంచి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. కాగితం సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఉతికే బట్టల కోసం సంచి తీసినప్పుడు చదువుకునే ఉంటుంది.

నాలుగో రోజు తెల్లారేసరికి సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. అల్పపీడనం అన్నారు. తొమ్మిది గంటలకు జల్లుపేట ఫీడరు పడిపోయింది. పదకొండు ఊళ్లకు కరెంటు పోయింది. సబ్‌స్టేషన్ కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. వరసగా ఊళ్ల నుంచి ఫోన్లు. చెవి పనులు పంచింది. మావాళ్లలో ఎక్కువమంది అప్పటికే పక్క సెక్షన్లలో ఉన్నారు. లైను తెగిన చోటుకు అన్నయ్యను పంపింది.

పదీ ఇరవైకి అన్నయ్య ఫోను చేశాడు. చుట్టూ గాలి. "కె. తవిటినాయుడు. జల్లుపేట ఫీడరు. స్తంభం నూట నలభై ఆరు. తెగిన తీగ కలపాలి."

నా తెర మీద మిగులు యాభై రెండు అని వెలిగింది. కింద, ఎల్సీ ఇవ్వవచ్చు అని పచ్చటి అక్షరాలు.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నాను."

అంతే. వెతుక్కోలేదు. అది కూడా ఎప్పటి నుంచో రోజూ చెప్పే మాట అయిపోయింది. నేను కళ్లు మూసుకుని, ఇతనెవరో నాకు తెలియదు, ఏ ఊరి మనిషో, ఇప్పుడే మొదటిసారి వింటున్నాను అనుకున్నాను. పరాయివాళ్లను విన్నట్టు విన్నాను. గాలి చప్పుడు వెనక ఒక ముసలి మనిషి నిలబడి ఉన్నాడు.

"ఎల్సీ ఇవ్వను," అన్నాను.

అతను వినపడలేదనుకున్నాడు. మళ్లీ నాలుగు మాటలూ మొదటి నుంచి చెప్పాడు.

"ఇనిపించింది అన్నయ్యా. ఇవ్వను. ఇంటికెల్లిపో."

"యాబై రెండుందే. సూడు నీ తెర మీద."

"అది నాను తప్పుగా సెప్పితే నేర్సుకుంది. నువ్వు అలిసిపోనావు."

"ఎవులు సెప్పినారే నీకు? పదకొండూళ్లే. జనం నా సుట్టూ ఉన్నారు. ఇరవై మూడేళ్లలో నాకెవులూ నేదన్నేదు. నువ్వంతావేటి?" అరవలేదు. అరవడానికి కూడా ఏమీ లేదు అక్కడ. "నువ్వివ్వకపోతే నానక్కడికే వస్తాను," అని పెట్టేశాడు.

ఎల్సీ లేకుండా అతను ఎక్కడు. ఏ లైన్‌మనూ ఎక్కడు. అది నాకు తెలుసు. అక్కణ్ణుంచి మోటారు సైకిలు మీద, ఆ గాలిలో, సబ్‌స్టేషన్‌కు అరగంట.

సంచిలోంచి కాగితం తీశాను. నేను ఏరిన పంతొమ్మిది మంది మామూలు గొంతులు తప్పు అని ముందే అచ్చువేసి ఉంది. సంతకం చేసి, ఫోటో తీసి వైదేహి మేడమ్‌కు పంపాను. రిజిస్టరులో ఆ రోజు తేదీ కింద, నూట నలభై ఆరుకు ఎల్సీ ఇవ్వలేదని, కారణం మనిషి అలసట అని రాసి, నా పేరు రాశాను. ఏఈ గారు ఫోను చేశారు. చెవి ఇవ్వమన్నాక ఆపడానికి నేనెవరినని అడిగారు. జవాబు చెప్పబోతుంటే ఆయన తెర కూడా మారింది కాబోలు, మాట మధ్యలో ఆగిపోయారు. కాసేపయ్యాక, మనవాళ్లంతా ఇరవై కిందకి పోయారు, బయటి జిల్లా నుంచి మనుషుల్ని పిలవాలి, రేపు సాయంత్రం దాకా అవదు, దీనికంతా నువ్వే బాధ్యురాలివి అన్నారు. అవునండీ అన్నాను.

అన్నయ్య వచ్చేసరికి వాన మొదలైంది. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు. బూట్ల బురద గది పొడుగునా పడింది. చెయ్యి ఎత్తి ఏదో అనబోయాడు. చేతిలో ఫోను ఉంది. దారిలో ఎక్కడో మోగి ఉంటుంది, చూసుకుని ఉండడు. ఇప్పుడు చూశాడు.

మిగులు అనే మాట పక్కన సున్నా ఉంది.

తడి తెరను చొక్కాకు తుడిచి మళ్లీ చూశాడు. ఫోను ఆపి, తిరిగి వేశాడు. అది పాడైందేమోనని నా తెర వైపు వచ్చి చూశాడు. పంతొమ్మిది పేర్లూ ఉన్నాయి. సింహాద్రికి పద్నాలుగు. మిగిలినవాళ్లకు పదకొండు, తొమ్మిది, పదహారు. సున్నా అతనొక్కడికే.

నేను అంతా చెప్పాను. పన్నెండేళ్ల కిందటి ఫోను సంగతి, ఉప్పెక్కువైన కూర సంగతి, నాకు తెలుసని చెప్పి నేనెలా ఏరానో, కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టానని కూడా. మధ్యలో ఆపలేదు. కోప్పడతాడని చూశాను. అతను తెర మీది సున్నాను వేలితో ఒకసారి ముట్టుకున్నాడు.

"మరిన్నాళ్లూ ఏటితో ఎక్కినానే అమ్మీ?" అన్నాడు.

నన్ను నిలదీయడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. లేచి నా కుర్చీ అతనికి ఇచ్చాను. ఎలాగూ అది ఇక నాది కాదు. కూర్చున్నాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

ఫోను మోగింది. పదకొండు ఊళ్లలో ఏదో ఒక ఊరి నుంచి ఒకామె, కరెంటు ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఈరోజు రాదమ్మా, రేపు సాయంత్రం దాకా ఓర్చుకోండి అని చెప్పాను. ఆమె కాసేపు తిట్టింది. విన్నాను.

"ఏ స్తంభమంట?" అన్నాడు అన్నయ్య, కళ్లు తెరవకుండానే.

నేను ఫోను పెట్టేసి, అతని ఒళ్లోంచి జారుతున్న హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాను. అతను మళ్లీ అడగలేదు.